మ్రింగని మాత్రల లెక్క

చికిత్సకు నాలుగు పాదములు కలవని చరకసంహిత చెప్పుచున్నది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి అను నీ నాలుగింటిలో ఏ యొక్కటి కుంటువడినను పని నెఱవేఱదు. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములను పేర్కొనిన ఆ గ్రంథము రోగికి వలసిన గుణములలో జ్ఞాపకశక్తిని, ధైర్యమును, తన బాధను ఉన్నదున్నట్లు తెలుపగల నేర్పును చెప్పి, వానితోపాటు నిర్దేశకారిత్వమును, అనగా వైద్యుడు ఆదేశించినట్లు నడచుకొనుటను, చేర్చినది. గ్రీకుదేశమున హిప్పోక్రటీసు పేర వ్యాప్తిలో నున్న గ్రంథములలో నొకటి మఱియొక అడుగు ముందుకు వేసి, మందు పుచ్చుకొంటిమని రోగులు తఱచు అబద్ధమాడుదురు గనుక వైద్యుడు కనిపెట్టి యుండవలెనని హెచ్చరించినది. ఇచ్చిన మందు వేఱు, కడుపులోనికి పోయిన మందు వేఱు అను సంగతి ప్రాచ్యులకును పాశ్చాత్యులకును వేల యేండ్లనుండి తెలిసినదే.

అయినను ప్రాచీనుల దృష్టిలో ఇది శీలమునకు సంబంధించిన విషయము. చెప్పినట్లు వినువాడు మంచి రోగి, విననివాడు చెడ్డ రోగి. విననివానికి వ్యాధి నయము కాకున్నచో ఆ లోపము మందునకు గాని వైద్యునకు గాని అంటదు. ఇరువదవ శతాబ్ది నడుమ నాటికి ఈ దృష్టి చాలకపోయినది. ఔషధముల శక్తిని నిర్ణయించుటకు అప్పటికొక నూతన పద్ధతి పుట్టియుండెను: రోగులను చీటీ వేసి రెండు వర్గములుగా విడదీసి, ఒక వర్గమునకు మందిచ్చి, రెండవదానికి ఈయక, కొంతకాలము గడచిన పిమ్మట రెండింటి గతిని పోల్చి చూచుట. ఈ పద్ధతిలో మందు మ్రింగని రోగి వట్టి అవిధేయుడుగా మిగులడు. అతడును లెక్కలోని యొక అంకె. ఆ అంకెను ఏ వరుసలో వ్రాయవలయునను ప్రశ్న చూపునకు అల్పముగా తోచును గాని, దానికి నమ్మదగిన సమాధానము దొరకుటకు సుమారు నలువది యేండ్లు పట్టినవి. ఆ చరిత్రలో చెన్నపట్టణమునకు గల స్థానము మనవారిలో పెక్కురకు తెలియదు.

ఆ నూతన పద్ధతికి కీర్తి తెచ్చిన ప్రయోగము క్షయవ్యాధికి సంబంధించినది. బ్రిటిష్ వైద్య పరిశోధక మండలి పక్షమున ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను సంఖ్యాశాస్త్రవేత్త రూపొందించిన స్ట్రెప్టోమైసిన్ పరీక్షాఫలితములు 1948 అక్టోబరులో వెలువడినవి. మొత్తము 107 మంది రోగులలో ఎవరికి ఏ చికిత్స యన్నది ముద్రవేసిన కవరులలోని చీటీలు నిర్ణయించినవి. ఆఱు మాసములు గడచునప్పటికి స్ట్రెప్టోమైసిన్ పొందిన 55 మందిలో నలుగురును, పడకవిశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మందియు మరణించిరి. చీటీ వేయుటలోని మర్మము నిష్పక్షపాతము మాత్రమే కాదు. వయస్సు, వ్యాధితీవ్రత, ఆహారము, మనోధైర్యము మున్నగు వైద్యునకు తెలిసిన భేదములనే గాక, ఎవరికిని తెలియని భేదములను గూడ చీటీ రెండు వర్గములకును ఇంచుమించు సమముగా పంచిపెట్టును. తరువాత కనబడు వ్యత్యాసమును మందునకే ఆరోపించుటకు మనకు గల హక్కు ఆ సమత్వమునుండియే వచ్చుచున్నది.

స్ట్రెప్టోమైసిన్ సూదిమందు, రోగులు ఆసుపత్రిలో పడకపై నుండిరి, దాది వచ్చి సూది వేసిపోవుచుండెను. పుచ్చుకొంటినని బొంకుటకు అక్కడ చోటు లేదు. ఆనాటి క్షయచికిత్స యంతయు అట్టి కట్టుదిట్టములలోనే సాగుచుండెను. మన మదనపల్లె సమీపమున 1915లో వెలసిన ఆరోగ్యవరము వంటి శానటోరియములలో రోగి నిద్ర, ఆహారము, నడక, విశ్రాంతి సమస్తమును గడియారమునుబట్టి నడచెడివి. కాని దేశమున లక్షలాదిగా నున్న క్షయరోగులకు అట్టి పడకలు ఎన్నటికిని చాలవు. 1952లో ఐసోనియాజిడ్ అను చవుకైన మాత్ర రంగములోనికి వచ్చిన పిదప, రోగిని ఇంటనే యుంచి మందిచ్చిన నేమగునను ప్రశ్న అనివార్యమైనది.

ఆ ప్రశ్నను తేల్చుటకే 1956లో చెన్నపట్టణమున క్షయరసాయన చికిత్సాకేంద్రము స్థాపింపబడినది. భారత వైద్య పరిశోధక మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధక మండలి కలిసి నెలకొల్పిన యీ కేంద్రమునకు వాలెస్ ఫాక్స్ తొలి అధిపతిగా వచ్చెను. నగరములోని నిఱుపేద కుటుంబములకు చెందిన 193 మంది రోగులను చీటీద్వారా విభజించి, కొందఱిని శానటోరియమునకు పంపి, తక్కినవారిని ఇండ్లలోనే యుంచి, ఉభయులకును ఐసోనియాజిడును పాస్ అను మఱియొక మందును ఒక సంవత్సరముపాటు ఇచ్చిరి. శానటోరియములో మంచి ఆహారము, గాలి, విశ్రాంతి; ఇంటిలో ఇఱుకుగది, అరకొర భోజనము, రోజుకూలి చింత. సంవత్సరాంతమున కఫములో క్రిములు నశించి వ్యాధి అణగినవారు శానటోరియము వర్గమున నూటికి 92 మంది, ఇంటివర్గమున నూటికి 86 మంది. ఇంట నుండినందువలన కుటుంబములోని తక్కినవారికి వ్యాధి మిక్కిలిగా సోకినదనుటకు గూడ నిదర్శనము దొరకలేదు. 1959లో ఈ ఫలితములు ప్రకటితమైన తరువాత శానటోరియముల యుగము ప్రపంచమంతటను వెనుకపట్టు పట్టినదనుట అతిశయోక్తి కాదు.

ఆ విజయముకంటె మన ప్రస్తుత విషయమునకు ముఖ్యమైనది ఆ కేంద్రమువారు పడిన శంక. పాస్ కడుపును త్రిప్పునట్టి మందు. ఏడాదిపాటు దినదినమును అంత మోతాదు మ్రింగుట సామాన్యమైన పని కాదు. దగ్గు తగ్గి, జ్వరము విడిచి, ఒడలు పుంజుకొనిన కొలది మాసములకు రోగికి మందుపై శ్రద్ధ సడలుట మానవసహజము. కావున రోగి నోటిమాటను మాత్రమే నమ్ముకొనక కేంద్రమువారు మూత్రపరీక్షను ఆశ్రయించిరి. పాస్ పుచ్చుకొన్నవాని మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు కలిపిన యెడల రంగు మాఱును, పుచ్చుకొననివానిలో మాఱదు. అయితే కేంద్రమునకు పోవలసిన దినమున మాత్రము మందు మ్రింగి వచ్చువారు కొందఱుందురు గదా! అందుచేత ముందుగా తెలుపక ఇండ్లకు పోయి, మిగిలిన మందు లెక్కించి, అప్పటికప్పుడు మూత్రము సేకరించు ఏర్పాటును చేసిరి. రోగి స్వయముగా మందు పుచ్చుకొను చికిత్సలోని చిక్కులను గుఱించి ఫాక్స్ 1958లో ప్రత్యేకముగా ఒక వ్యాసమే ప్రకటించెను. అందు అతడు లేవనెత్తిన సమస్య క్షయకు మాత్రమే పరిమితము కాదు. దీర్ఘకాలము ఇంటివద్ద మాత్రలు మ్రింగవలసిన ప్రతి వ్యాధికిని చెందినది.

ఈ చిక్కును తప్పించుకొనుటకు కేంద్రమువారు త్రొక్కిన త్రోవ కాపలా త్రోవ. వారమునకు రెండుసార్లు మాత్రమే, ఆరోగ్యసిబ్బంది కన్నులయెదుట మందు పుచ్చుకొను పద్ధతిని వారు పరీక్షించి, 1964లో ఫలితములు ప్రకటించిరి. ప్రత్యక్షపర్యవేక్షణతో కూడిన ఆ చికిత్సయే 1990ల దశకమున ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రచారము చేసిన డాట్స్ విధానమునకు మూలములలో నొకటి. వైద్యదృష్టిలో ఇది ఘనకార్యము. కాని సంఖ్యాశాస్త్రపు దృష్టిలో ఇది ప్రశ్నకు సమాధానము కాదు, ప్రశ్నను తొలగించుట. కాపలా యున్నచోట మందు ఎట్లు పనిచేయునో దానివలన తెలియును. కాపలా లేనిచోట, అనగా లోకములో అత్యధికభాగమున, రోగులు కొందఱు మ్రింగి కొందఱు మ్రింగక యుండగా, ఆ మందు శక్తిని ఎట్లు కొలువవలయును?

మ్రింగనివారిని లెక్కనుండి తీసివేసి, మ్రింగినవారినే చూచిన సరిపోదా యని ఎవరికైనను తోచును. ఈ తలంపు ఎంత సహజమో అంత ప్రమాదకరమని లోకమునకు చాటిన ఉదంతము అమెరికాలో జరిగినది. గుండెపోటు వచ్చి బ్రతికి బయటపడిన 8,341 మంది పురుషులపై, 53 కేంద్రములలో, 1960ల నడుమనుండి దాదాపు పదేండ్లపాటు కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అను బృహత్పరీక్ష నడచినది. అందు పరీక్షింపబడిన మందులలో నొకటి రక్తములోని కొవ్వును తగ్గించు క్లోఫైబ్రేట్. అయిదేండ్లలో ఆ మందు పొందిన వర్గమున నూటికి 20.0 మందియు, మందువలె కనబడు వట్టి గొట్టములు పొందిన వర్గమున నూటికి 20.9 మందియు మరణించిరి. అనగా మందువలన చెప్పుకొనదగిన లాభము లేదు. అంతట, పలువురు మందు సరిగా మ్రింగకపోవుటచేతనే లాభము మఱుగుపడినదేమో యని విడదీసి చూచిరి. ఈయబడిన దానిలో అయిదింట నాలుగు పాళ్లయినను మ్రింగినవారిలో మరణములు నూటికి 15.0, అంతకు తక్కువ మ్రింగినవారిలో 24.6. దీనిని చూచి మందు మహత్తరమైనదని తీర్మానించుటకు ఎవరికి మనసు పోదు?

కాని ఆ పరిశోధకులు అంతటితో ఆగక, వట్టి గొట్టములు మ్రింగినవారిని గూడ అదేవిధముగా విడదీసిరి. అక్కడను శ్రద్ధగా మ్రింగినవారిలో మరణములు నూటికి 15.1 మాత్రమే, అశ్రద్ధ చేసినవారిలో నూటికి 28కి పైగా! ఏ గుణమును లేని పొడిని క్రమము తప్పక మ్రింగుటవలన మనుజుడు మృత్యువును సగము దూరమునకు త్రోయగలడా? త్రోయలేడు గదా. క్రమము తప్పక మ్రింగువాడు మ్రింగుటకు పూర్వమే మఱియొక విధమైన మనుజుడు. అతడు పొగత్రాగుట మానియుండవచ్చును, ఆహారనియమము పాటించుచుండవచ్చును, మందు మ్రింగగలిగినంత ఆరోగ్యము అతనికి మిగిలియుండవచ్చును. మ్రింగక మానినవాడు వ్యాధి ముదిరి, వాంతులై, విసిగి మానియుండవచ్చును. వయస్సు, రక్తపోటు మున్నగు నలువది లక్షణములను లెక్కకు తెచ్చి సరిచేసినను ఆ వ్యత్యాసములో స్వల్పభాగము మాత్రమే తగ్గినది. 1980లో ప్రకటితమైన ఆ రెండు జతల అంకెలు ఈ శాస్త్రములో నేటికిని పాఠముగా చెప్పబడుచున్నవి. చీటీ ప్రసాదించిన సమత్వము, రోగులను వారి నడవడినిబట్టి విడదీసిన మరుక్షణమున నశించునని అవి బోధించినవి.

ఇట్టి పాఠమునే శస్త్రచికిత్స మఱియొక మార్గమున నేర్పినది. గుండె రక్తనాళములు పూడుకొనినవారికి శస్త్రచికిత్స మేలా, మందులు మేలా యని యూరపుఖండమున జరిగిన పరీక్షయొక్క రెండేండ్ల ఫలితములు 1979లో వెలువడినవి. శస్త్రచికిత్సకు చీటీ వచ్చిన 395 మందిలో 26 మందికి అది జరుగనే లేదు. మందులకు చీటీ వచ్చిన 373 మందిలో 50 మంది తరువాత శస్త్రచికిత్స చేయించుకొనిరి. చీటీ వచ్చిన వర్గమునుబట్టియే లెక్కించినచో మరణములు శస్త్రవర్గమున నూటికి 5.3, మందులవర్గమున 7.8. చీటీకి కట్టుబడినవారిని మాత్రమే తీసికొన్నచో 4.1, 8.4. చీటీని మఱచి, ఎవరికి వాస్తవముగా ఏ చికిత్స జరిగినదో దానినిబట్టి విభజించినచో 4.1, 9.5. పరీక్ష ఒక్కటే, రోగులు వారే, మరణములు అవే; శస్త్రచికిత్సవలని లాభము మాత్రము లెక్కించు విధమునుబట్టి రెండింతలకు పైగా పెరిగిపోయినది. కారణము సుబోధకము. శస్త్రచికిత్సకు నియమితులై అది జరుగకుండ మిగిలిపోయిన ఆ 26 మందిలో ఆరుగురు చనిపోయిరి. అట్టి దుర్బలులను శస్త్రవర్గమునుండి తీసివేయుటయో, మందులవర్గపు ఖాతాలో వ్రాయుటయో జరిగినప్పుడు శస్త్రచికిత్సకు చేయని పుణ్యము దక్కుచున్నది.

కావున చీటీ ఏ వర్గమునకు పంపినదో ఆ వర్గములోనే, మ్రింగినను మ్రింగకున్నను, రోగిని తుదివరకు లెక్కింపవలయునను నియమము స్థిరపడినది. బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1961 నాటికే ఈ మార్గమును సూచించియుండెను. వాస్తవముగా జరిగిన చికిత్సను గాక, చేయదలచిన చికిత్సను కొలుచుట అయిష్టముగానైనను తప్పదని అతని యభిప్రాయము. ఆ అయిష్టతకు అర్థము కలదు. రోగులలో సగము మంది మ్రింగకున్న యెడల మందుయొక్క శక్తి ఈ లెక్కలో సగమై కనబడును. ఒక మందును ఊరిమీద పంచిపెట్టిన మొత్తముమీద ఎంత మేలు కలుగునో తెలిసికొనగోరు ప్రభుత్వాధికారికి ఈ సమాధానము చాలును. తన బిడ్డకు ఈ మందు తప్పక పట్టించెదను, దానివలన ఎంత మేలు కలుగునని అడుగు తల్లికి ఇది సమాధానము కాదు. పోనీ ఆ తల్లి కొఱకు మ్రింగినవారిని వేఱుచేసి చూపుదమన్నచో క్లోఫైబ్రేట్ ఉదంతము అడ్డుపడుచున్నది. శాస్త్రము ఈ సందిగ్ధములో కొంతకాలము నిలిచిపోయినది.

దీనినుండి వెలువడిన దారి ఇండొనీషియాలోని సుమత్రాద్వీపపు ఉత్తరకొనయందున్న ఆచే ప్రాంతపు పల్లెలలో కనబడును. విటమిన్ ఏ లోపమువలన కన్నులు పోవుటయే గాక పిల్లల ప్రాణములును పోవుచున్నవని అనుమానించిన ఆల్ఫ్రెడ్ సోమర్ బృందము, 450 పల్లెలను చీటీద్వారా విభజించి, కొన్నింటిలో పిల్లలకు విటమిన్ ఏ గొట్టములను పంచి, తక్కినవానికి పరీక్ష ముగియువరకు పంచక యుండెను. 1986లో ఫలితములు ప్రకటితమైనవి. 1991లో సోమరును, స్కాట్ జీగర్ అను సంఖ్యాశాస్త్రవేత్తయు ఆ లెక్కలను తిరిగి చేతబట్టిరి. మందు పంచిన పల్లెలలోని 12,094 మంది పిల్లలలో 9,675 మందికి గొట్టము అందినది. 2,419 మందికి అందలేదు. అందినవారిలో 12 మంది, అందనివారిలో 34 మంది మరణించిరి. పంచని పల్లెలలోని 11,588 మందిలో 74 మంది మరణించిరి.

ఈ అంకెలను నెమ్మదిగా పరిశీలింపవలయును. మందు అందినవారిలో మరణములు వేయింటికి 1.2; పంచని పల్లెలలో వేయింటికి 6.4. ఈ రెండింటిని పోల్చి, మందు అయిదింట నాలుగు మరణములను ఆపినదనుట తొందరపాటగును. ఏలయన, పంచిన పల్లెలలోనే మందు అందని పిల్లలలో మరణములు వేయింటికి 14.1, అనగా మందు పేరైనను ఎఱుగని పల్లెల సగటునకు రెండింతలకంటె ఎక్కువ. ఇరువురకును మందు లేదు. అయినను ఇంత భేదము. అందనివారు తక్కినవారికంటె మొదటినుండియు ఆపదకు దగ్గఱగా నున్న పిల్లలని ఇందువలన తెలియుచున్నది.

ఇక్కడ సోమర్, జీగరులు చేసిన యుక్తి సరళమైనది, గంభీరమైనది. పల్లెలను విభజించినది చీటీ గనుక, పంచని పల్లెలలో గూడ, పంచియుండినచో అందనట్టి పిల్లలు నూటికి ఇరువదిమంది ఉండియే తీరవలయును. వారెవరో పేరుపెట్టి చూపలేము. కాని వారి సంఖ్యను లెక్కింపగలము, సుమారు 2,320. ఎట్లును మందు పొందనివారే గనుక వీరిలోను మరణములు వేయింటికి 14.1 చొప్పుననే జరిగియుండును. అనగా 33కు కొంచెము తక్కువ. మొత్తము 74 మరణములనుండి వీనిని తీసివేయగా మిగిలిన 41 మరణములు, పంచియుండినచో అందియుండెడి 9,270 మంది పిల్లలవి. అది వేయింటికి సుమారు 4.5. ఇప్పుడు పోలిక సమానుల నడుమ జరుగుచున్నది: మందు అందినవారిలో 1.2, అందగలిగియు అందనివారిలో 4.5. మందు ఆపిన మరణములు నూటికి 72. చీటీనిబట్టి మాత్రమే లెక్కించినచో ఆపినవి నూటికి 40. తొందరపాటు లెక్కలో నూటికి 80. సత్యము ఈ రెండింటి నడుమ నున్నది, దానిని కనుగొనుటకు చీటీని విడిచిపెట్టవలసిన పనియు లేకపోయినది.

ఈ యుక్తి ఒక్కచోటనే పుట్టినది కాదు. వెన్న, అవిసెగింజల ధరలను విశ్లేషించిన ఫిలిప్ రైట్ అను ఆర్థికవేత్త 1928లో సుంకములపై వ్రాసిన గ్రంథమున, అదృష్టవశమున లభించిన ఒక బాహ్యకారణమును ఆధారముగా గొని అసలు కారణముయొక్క బలమును కొలువవచ్చునని చూపియుండెను. సాంఘికకార్యక్రమములకు పేరు నమోదు చేసికొని రానివారిని ఎట్లు లెక్కింపవలయునో హోవర్డ్ బ్లూమ్ 1984లో వివరించెను: మొత్తముమీద కనబడిన లాభమును, వచ్చినవారి భాగముచేత భాగించిన చాలునని అతని సూత్రము. ఆచే అంకెలను ఆ సూత్రముతో పరీక్షింపవచ్చును, వేయింటికి 2.6 అను మొత్తపు వ్యత్యాసమును 0.8చేత భాగించిన 3.2 వచ్చును, సోమర్, జీగరుల లెక్కయు అదే. పిమ్మట జాషువా ఆంగ్రిస్ట్, గీడో ఇంబెన్స్, డానల్డ్ రూబిన్ అనువారు 1996లో ఈ భావములన్నింటిని ఒక్క సిద్ధాంతముగా కూర్చిరి. వారి దృష్టిలో మనుజులు నాలుగు తెగలు: చీటీ చెప్పినట్లు నడచువారు, చీటీ ఎట్లు వచ్చినను మందు పుచ్చుకొనువారు, ఎట్లు వచ్చినను పుచ్చుకొననివారు, చీటీకి విరుద్ధముగానే నడచువారు. కడపటి తెగవారు లేరని, చీటీ మందుద్వారా తప్ప మఱియొక మార్గమున ఫలితమును తాకదని ఒప్పుకొన్నచో, మొదటి తెగవారియందు మందుయొక్క శక్తిని కొలువవచ్చును. 2021లో ఆంగ్రిస్టునకును ఇంబెన్సునకును ఆర్థికశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగము లభించుటకు ఈ మార్గమున వారు చేసిన కృషియే కారణము.

ఈ సమాధానమునకు గల హద్దులను గూడ గుర్తింపవలయును. చీటీ చెప్పినట్లు నడచువారెవరో, ముఖ్యముగా మందు ఈయబడని వర్గమున, ఒక్కొక్కరిగా చూపుట అసాధ్యము. మనము కొలిచినది పేర్లు లేని యొక సమూహముపై మందుయొక్క ప్రభావము. మఱియొక దేశమున, మఱియొక కాలమున ఆ సమూహము మాఱును, దానితో అంకెయు మాఱవచ్చును. మందు అందుట, అందకపోవుట అను రెండే స్థితులున్నంతవరకు ఈ లెక్క సుకరము. నెలకొక విధముగా కొంత మ్రింగి కొంత మానువారి విషయమున అది చాలదు. కొలెస్టిరమీన్ అను పొడిని దినమునకు ఆఱు పొట్లముల చొప్పున ఏడేండ్లకు పైగా త్రావవలసిన యొక అమెరికా పరీక్షలో రోగులు సున్నమొదలు నూటివరకు అన్ని పాళ్లలోను త్రావిరి. వారి అంకెలపై బ్రాడ్లీ ఎఫ్రాన్, డేవిడ్ ఫెల్డ్‌మన్ 1991లో చేసిన విచారణలో, వట్టి పొడిని శ్రద్ధగా త్రావినవారికి సైతము కొలెస్టిరాల్ కొంత తగ్గినట్లు కనబడినది. అదే సంవత్సరమున జేమ్స్ రాబిన్స్, అనస్తాసియోస్ సియాటిస్ అనువారు, ఒక్కొక్క రోగి మందే పుచ్చుకొనకుండినచో ఎంతకాలము బ్రతికియుండునో ఊహించి, ఆ ఊహాయువులు రెండు వర్గములలో సమముగా నుండునట్లు మందుశక్తిని నిర్ణయించు మార్గమును చూపిరి. బ్రిటన్, ఐర్లండు, ఫ్రాన్సు దేశములలో హెచ్‌ఐవి సోకినవారిపై జరిగిన కంకార్డ్ పరీక్షలో, జిడోవుడిన్ మందును ఆలస్యముగా మొదలిడవలసిన వర్గమువారు కొందఱు ముందుగనే మొదలిడగా, ఆ అంకెలను విడదీయుటకు ఈ మార్గము వినియోగపడినది. తుదకు 2016లో ఎలీనర్ మర్రే, మిగెల్ హెర్నాన్ అనువారు క్లోఫైబ్రేట్ పరీక్షలోని వట్టి గొట్టముల వర్గమును మరల చేపట్టి, పరీక్ష నడచుచుండగా మాఱిన రోగుల స్థితిని గూడ నూతనపద్ధతులతో లెక్కకు తేగా, ఒకనాడు అందఱిని బెదరించిన ఆ వ్యత్యాసము చాలవఱకు కరగిపోయినది.

గణితమింత పెరిగినను కొలత సరిగా లేనిచో అది నిష్ఫలము. హెచ్‌ఐవి సోకకుండ ముందుజాగ్రత్తగా మందు వాడు విషయమై దక్షిణాఫ్రికా, ఉగాండా, జింబాబ్వే దేశములలో 5,029 మంది స్త్రీలపై జరిగిన వాయిస్ పరీక్ష ఫలితములు 2015లో వెలువడినవి. వారు చెప్పిన మాటలనుబట్టి వాడుక నూటికి తొంబదికి దగ్గఱగా నుండెను; రక్తమును పరీక్షింపగా మందు కనబడిన నమూనాలు నూటికి ముప్పది మించలేదు. మందువలన లాభము కనబడలేదని తేలినది. కాని మందు ఓడినదా, మందు వాడుక ఓడినదా అని నిర్ణయించుటకు మాటలు గాక రక్తమే సాక్ష్యమైనది. ఆ స్త్రీలను నిందించుట అవివేకము. ఆరోగ్యముగా నుండి, రోగము లేక, ఇరుగుపొరుగువారు అనుమానించునట్టి మందును దినదినము వాడుమనుట ఎంత కష్టమైన కోరికయో యోచింపవలయును. చెన్నపట్టణపు మూత్రపరీక్షలలోని వివేకము అర్ధశతాబ్ది దాటిన తరువాతను పాతబడలేదు.

ఔషధములకు అనుమతి నిచ్చు సంస్థలకు మార్గదర్శకములు రచించు అంతర్జాతీయ మండలి 2019లో తన పూర్వనియమమునకు ఒక అనుబంధమును చేర్చినది. పరీక్ష మొదలిడకమునుపే, కొలువదలచిన దేమో స్పష్టముగా వ్రాయవలయును. రోగులు మందు మానుట, వేఱుమందునకు మాఱుట వంటి ఘటనలు నడుమ సంభవించినప్పుడు వానిని ఎట్లు లెక్కింతురో ముందే తెలుపవలయును. ఫలితము చూచిన పిమ్మట తమకు అనుకూలమైన లెక్కను ఎన్నుకొనరాదు. ఈ నియమములో క్రొత్త గణితము లేదు. నలువది యేండ్ల వివాదమునుండి తీసిన సారము మాత్రము కలదు. ఒకే పరీక్షకు ఒకే సమాధానమున్నదను భ్రమ దానితో తొలగినది. ఊరికి పంచిన ఎంత మేలన్నది యొక ప్రశ్న, మ్రింగినవానికి ఎంత మేలన్నది వేఱొక ప్రశ్న. రెండును న్యాయమైనవే, రెండింటికిని ఆధారము చీటీయే. మొదటి అంకెను మఱుగుపఱచి రెండవదానినే చాటు నివేదికను నమ్మరాదు. మొదటిదానితోనే తృప్తిపడి, మ్రింగనివారు ఎందఱో, ఎందుకు మ్రింగలేదో విచారింపని నివేదిక సత్యమే చెప్పుచుండవచ్చును గాని, మందు పుచ్చుకొనబోవు మనుజునకు అవసరమైన సత్యమును చెప్పుటలేదు.